ఆ పిల్ల ‘మేము’ అన్న రోజు

మా కుట్టుపని గదిలో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక హత్య ఉండి తీరాలి.

“ఇవాళ ఎవరు పోయారు పిన్నీ?” అంటుంది గుండీలకి కాజాలు కుట్టే మా కాజాల వదిన, ఏం కూర వండావని అడిగినంత మామూలుగా. నేను కళ్ళజోడు గుడ్డముక్కతో తుడుచుకుని, వారపత్రిక మడిచి పట్టుకుని, కిటికీ వెలుతురు పడే స్టూలు మీదికి జరుగుతాను. మిషన్లు ఆగవు గానీ చప్పుడు తగ్గుతుంది.

మేం కుట్టేవి ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళ యూనిఫారాలు. అన్నీ ఒకే నీలం. పూర్తయిన బట్టల మీద మిగిలిన దారప్పోగులు కత్తిరించడం, గుండీలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూడటం నా పని. ఆ నీలాన్ని చూసి చూసి కళ్ళు మొద్దుబారే వేళకి మాస్టరమ్మ తన పెద్ద కత్తెర బల్ల మీద పెట్టి, “కానీ పిన్నీ” అంటుంది. మాస్టరమ్మ అంటే మా కటింగ్ మాస్టరు. గది ఆమెదే, మిషన్లూ ఆమెవే. ఎక్కువ మాట్లాడదు. గుడ్డ మీద సుద్దగీత గీసేముందు ఎంత చూస్తుందో, నోరు తెరిచే ముందూ అంతే చూస్తుంది.

ఫోన్లలో ఇలాంటి నిజం కథలు బోలెడు వస్తాయి. ఒకసారి పెట్టి విన్నాం. చెప్పేవాడు భయపడాల్సిన చోటల్లా వెనక సంగీతం మోగించాడు. “ఎక్కడ భయపడాలో మనకి వీడు నేర్పుతాడా, ఆపెయ్” అంది మాస్టరమ్మ. మళ్ళీ నేనే చదవడం మొదలుపెట్టాను. నా గొంతులో సంగీతం లేదు. నాకు అన్ని చోట్లా భయమే.

ఇది చూసి ఇస్త్రీ బాబాయి రోజూ నొచ్చుకుంటాడు. గది మొత్తానికి ఆయనొక్కడే మగాడు.

“మీ ఆడాళ్ళకి చావులు వినకపోతే తిన్నది అరగదా? మా ఇంట్లోనూ అంతే. మా ఆవిడ ఫోన్లో హత్య పెట్టుకుని కూరగాయలు తరుగుతుంది. ఆ కత్తి చప్పుడు వింటూ ఉప్పు తక్కువైందని అనే ధైర్యం కూడా పోయింది నాకు.”

“మీకు యుద్ధం సినిమాలు లేవా బాబాయ్?” అంటుంది కాజాల వదిన, పంటితో దారం తెంపుతూ. “అందులో వందమంది పోతారు, ఒక్కడి పేరు కూడా తెలీదు. మేమలా కాదు. పోయినావిడ ఆ రోజు ఏ చెప్పులేసుకుందో కూడా కనుక్కుంటాం.”

బాబాయి అలా నొచ్చుకుంటాడే గానీ, నేను చదువుతున్నంతసేపూ ఆయన ఇస్త్రీపెట్టె ఒకే చొక్కా మీద తిరుగుతూ ఉంటుంది. చివర్లో ఆయన అడిగేది ఒక్కటే. “ఎలా దొరికాడు వెధవ?”

మావాళ్ళు అది అడగరు. చదువుతున్నప్పుడే మధ్యలో ఆపేస్తారు. ఆ ఇంటికి రెండో తలుపుందా? తాళం ఎవరి దగ్గరుంది? ఫోన్ చేతిలోనే ఉందా, వాడు తీసేసుకున్నాడా? అంతకుముందు ఎవరికైనా చెప్పిందా? చెప్తే వాళ్ళేమన్నారు? చచ్చిపోయినావిడని ప్రతి మధ్యాహ్నం మళ్ళీ ఆ గదిలో నిలబెట్టి, కిటికీలూ మెట్లూ వెతికి, ఎలాగైనా బయటికి తీసుకురావాలని చూస్తారు. కొన్నిసార్లు తీసుకొచ్చేస్తారు కూడా. “అదిగో, ఆ పాలవాడు వచ్చినప్పుడు వాడి వెనకే నడిచి వచ్చేస్తే సరిపోయేది” అని వదిన తేల్చేసరికి అందరం ఊపిరి పీల్చుకుంటాం. పత్రికలో మాత్రం ఆవిడ పోయే ఉంటుంది.

‘మనం’ అడిగే ప్రశ్న ఇంకొకటి. 

‘మనం’ అంటే మా దగ్గర గుండీలు కుట్టే పిల్ల. శరణాలయంలో పెరిగింది. అక్కడ దుప్పటి అందరిదీ, దువ్వెన అందరిదీ, జ్వరమొచ్చినా వరసగా అందరికీ వచ్చేదట. అందుకే ఆ పిల్ల నోట్లో ‘నేను’ తక్కువ, ‘మేము’ అసలు పలకదు. “మనకి పొద్దున్నుంచీ తలనొప్పి” అంటుంది. “నీకొస్తే నువ్వు పడవే, మాకెందుకు పంచుతావ్!” అని వదిన కసురుతుంది. ఒకరోజు “మనకి పెళ్ళై ఏడాదైంది” అనేసరికి ఇస్త్రీ బాబాయి రెండు చేతులూ జోడించాడు. “తల్లీ, నన్ను కలపకు. మా ఆవిడ చెవిన పడితే నీ సంసారం, నా సంసారం రెండూ కూలతాయి.” ఆ రోజు నవ్వి నవ్వి మాస్టరమ్మ గీసిన గీత కూడా వంకరపోయింది. అప్పట్నుంచీ పిల్ల పేరే ‘మనం’ అయిపోయింది.

ఆ పిల్ల సూది ఆపి అడిగే ప్రశ్న ఇది: “ముందుగా ఎవరొచ్చి అడిగారు పిన్నీ? ఆవిడ ఏదీ అని?”

నేను పత్రికలో వెతికి చెప్పేదాన్ని. తల్లి అడిగిందట. తమ్ముడట. పనిచేసే చోట పక్క బల్లావిడట. ఎవరూ అడగలేదని రాసి ఉన్న రోజు మాత్రం, “ఇక్కడ రాయలేదమ్మా” అని పేజీ తిప్పేసేదాన్ని. 

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. నేను చదవడం నేర్చుకున్నదే దానికోసం.

మా అక్క పెళ్ళై వెళ్ళేనాటికి నేను చిన్నదాన్ని. వీధి మలుపు దాకా వెళ్ళి నిలబడ్డాను. బండి ఎక్కుతూ అది “వెళ్తున్నానే” అంది. వెళ్ళొస్తానని అనలేదు. కొన్నాళ్ళకి, అది అక్కడ లేదని కబురొచ్చింది. ఎటో వెళ్ళిపోయిందన్నారు ఆ ఇంటివాళ్ళు. మా పెద్దవాళ్ళు వెళ్ళి, వాళ్ళు పెట్టిన కాఫీ తాగి, తల దించుకుని తిరిగొచ్చారు. ఆ తర్వాత మా ఇంట్లో అక్క మాటెత్తితే ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోయేవారు. నన్ను బడికి పంపలేదు. పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు విప్పి, అన్నయ్యని విసిగించి ఒక్కో అక్షరం అడిగి, కూడబలుక్కుని నేర్చుకున్నాను. నాకు నేనుగా, ఎవరి సాయం లేకుండా చదివిన మొదటి మాట ‘గుర్తుతెలియని’. దాని తర్వాత ‘మహిళ’. ఆ తర్వాత వచ్చే వివరాల్లో, అక్కకి ఉన్నట్టు ఎడమచేతి బొటనవేలి మీద కాలిన మచ్చ ఉందేమోనని చూసేదాన్ని. ఎక్కడా లేదు. లేదని తెలిసిన ప్రతిసారీ గుండె తేలికయ్యేది, వెంటనే బరువెక్కేది. ఇప్పటికీ అంతే.

అందుకే నాకు ఎవరు బయల్దేరినా బెంగ. ఎవరైనా “వెళ్తా” అంటే వాళ్ళ చెయ్యి వదలను. “వెళ్ళొస్తానను” అంటాను. అనేదాకా నిలబెడతాను. వదిన కావాలనే గుమ్మంలో “పోతున్నా పిన్నీ, పోతున్నా” అని ఏడిపిస్తుంది. బస్సు ఆలస్యమైందంటే అందరికీ ఫోన్లు చేస్తాను. ఎవరూ ఎత్తరు. నా పేరు చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారని నాకు తెలుసు.

‘మనం’ ఒక్కతే విసుక్కునేది కాదు. సాయంత్రం పని అయ్యాక ఇద్దరం మలుపు దాకా కలిసి నడిచేవాళ్ళం. అక్కడ నేను ఆగిపోయేదాన్ని. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే కొట్టు, దాని మీద మూడో అంతస్తులో ఆకుపచ్చ రెక్కల కిటికీ వాళ్ళది. ఆ పిల్ల పైకెక్కి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపేది. అది చూశాకే నేను ఇంటిదారి పట్టేదాన్ని. ఈమధ్య చెయ్యి బయటికి రావడం ఆలస్యమయ్యేది. ఒకరోజు వేళ్ళు మాత్రమే కనిపించి, రెక్క మూసుకుంది. మర్నాడు అడిగితే, “ఆయనకి కిటికీ తెరవడం నచ్చదు పిన్నీ, దుమ్ముట” అంది. ఎండాకాలంలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చినప్పుడు అడిగితే, “మనకి చలేస్తోంది” అంది. ఆరోజు వదిన కూడా ఎదురు మాట అనలేదు.

కిందటి వారం చదివిన కథలో పక్కవాటా వాళ్ళు కేకలు విన్నారు.

“విని?” అంది ‘మనం’.

“మొగుడూపెళ్ళాల గొడవ కదా, మనకెందుకని తలుపు వేసుకున్నారట.”

“వేసుకోరూ మరి!” అంది కాజాల వదిన మంటగా. “అదే దొంగా దొంగా అని అరిచి ఉంటే? వీధి వీధంతా దిగేది. పక్కింట్లో పెళ్ళాం పోయినా పర్లేదు, తమ ఇంట్లో చెంబు పోకూడదు జనాలకి.”

‘మనం’ తలెత్తి వదిన వైపు చూసింది. ఆ పూట గుండీలన్నీ చాలా బిగించి కుట్టింది. లాగి చూస్తే గుడ్డ చిరిగేలా ఉన్నాయి.

సోమవారం పనికి రాలేదు. మంగళవారమూ రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. సాయంత్రం మలుపులో నిలబడ్డాను. ఆకుపచ్చ కిటికీ మూసే ఉంది.

బుధవారం భోజనాల వేళకి గదిలో ఫోన్ మోగింది. దగ్గరగా ఉన్నది నేను, ఎత్తాను.

“నమస్తే అండి.” ‘మనం’ గొంతే. “మేము ఊరు వెళ్తున్నామండి. ఇవాళ సాయంత్రమే. ఇక పనికి రానండి.”

“అమ్మాయ్, నేనే, పిన్నిని. వెళ్ళొస్తానను” అన్నాను, అలవాటుగా.

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. 

“వెళ్తానండి” అంది. ఫోన్ పెట్టేసింది.

స్టూలు పట్టుకుని కూర్చున్నాను. అందరూ నా చుట్టూ చేరారు. జరిగింది చెప్పాను. 

ఇస్త్రీ బాబాయి నిట్టూర్చాడు. “ఓస్, ఇంతేనా? ఊరెళ్తున్నారు, చెప్పింది. చెప్పకుండా మానేసేవాళ్ళని ఎంతమందిని చూడలేదు?”

“మేము అంది బాబాయ్.”

“అంటే?”

“మేము వెళ్తున్నాం అంది. నాతో. ఆ పిల్ల.”

“అది సరైన తెలుగే కదక్కా! నువ్వేం వాళ్ళతో వెళ్ళట్లేదుగా? మొగుడు సరిదిద్ది ఉంటాడు. మా ఆవిడ పెళ్ళైనప్పట్నుంచీ మేము అనే అంటోంది, నేనేం చంపానా?”

“సరైన తెలుగే. అందుకే నాకు భయం” అన్నాను. “తలనొప్పి మనకి, జ్వరం మనకి, పెళ్ళి కూడా మనకి. అలాంటిది ఇవాళ ఎవరో పక్కన కూర్చుని అక్షరం అక్షరం చెప్పించినట్టు ‘మేము’ ‘అండి’ అంటూ మాట్లాడింది. మేము అంటే ఏంటి? నువ్వు ఇందులో లేవని. అడగొద్దని. ఇంకోటి, ఊరెళ్తున్నామంది. శరణాలయం పిల్లకి ఊరెక్కడిది? అది వాడి ఊరు. అక్కడ ఆ పిల్ల లేకపోతే ఎవరొచ్చి అడుగుతారు? చెప్పండి, ముందుగా ఎవరొచ్చి అడుగుతారు?”

నా కంగారు వాళ్ళకి కొత్త కాదు. బస్సు ఆలస్యమైతే చచ్చిపోయారనుకునే మనిషిని. ఈ ఒక్కసారి నమ్మమని ఎలా చెప్పాలో తెలియలేదు. లేచి చెప్పులు వేసుకున్నాను. 

“ఎక్కడికి పిన్నీ?” అంది వదిన.

“అడగడానికి. మీరు నవ్వుకోండి. నేను తప్పైతే పిచ్చి ముసలిదంటారు, అంతేగా? ఇప్పుడు మాత్రం ఏమంటున్నారు?”

మాస్టరమ్మ అప్పటిదాకా నా వైపే చూస్తోంది, గుడ్డని చూసినట్టు. గోడకున్న స్విచ్చి కట్టేసింది. మిషన్లన్నీ ఒక్కసారే ఆగాయి.

“పోలీసులకి ఫోన్ చేద్దాం” అన్నాడు బాబాయి, ఈసారి గొంతు తగ్గించి.

“చేస్తాను. కానీ ఏమని చెప్పను, ‘మనం’ అనలేదనా?” అంది మాస్టరమ్మ. “వాళ్ళు వచ్చి తలుపు కొడితే, ఏం లేదండి అంటుంది ఆ పిల్ల. వాడు పక్కనే ఉంటే ఇంకేమంటుంది? ముందు వాడి పక్కనుంచి ఇవతలికి రావాలి. ఆ తర్వాత ఏం చెప్పుకుంటుందో దాని ఇష్టం.”

“మనం వెళ్ళి గొడవ చేస్తే?” అంది వదిన.

“సంసారం గొడవ అని తలుపులు వేసుకుంటారు” అన్నాను.

అన్నాక వదినా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వదిన మెల్లగా తల తిప్పి బల్ల మీదున్న పెద్ద కత్తెర వైపు చూసింది. 

మాస్టరమ్మ ఆ కత్తెర తీసి తన సంచిలో వేసుకుంది. “పోయింది” అంది.

దారిలో ఎవరు ఏం చెయ్యాలో అనుకున్నాం. ఇన్నేళ్ళు చదివిందంతా అప్పుడు అక్కరకొచ్చింది. ఒక్కరు లోపలికి వెళ్ళకూడదు. వాడితో వాదన పెట్టుకోకూడదు. వాడికి తెలివి చూపించకూడదు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో మనకి తెలుసని వాడికి తెలియకూడదు. బాబాయి కింద మెట్ల దగ్గర ఉండాలి. నడుస్తున్నంతసేపూ నేను భయపడుతూనే ఉన్నాను. అయినా ఆగలేదు. మలుపు దగ్గర నా కాళ్ళు అలవాటుగా ఆగబోతే, వదిన మోచెయ్యి పట్టుకుని లాగింది.

సైకిళ్ళ కొట్టు ముందు నిలబడి వదిన చీర కట్టుకోకపోయినా కొంగు దోపుకున్నట్టు నడుం మీద చెయ్యి వేసుకుంది. 

“దొంగా! కిందికి దిగవే దొంగా! మా కత్తెర ఎత్తుకొచ్చి ఊరు చెక్కేస్తావా?”

దేవుడా, ఆ గొంతు! చక్రానికి గాలి కొడుతున్నవాడు పంపు వదిలేశాడు. మొదటి అంతస్తులో తలుపు తెరుచుకుంది. తడి చేతులతో ఒకావిడ బయటికొచ్చింది. బనీను మీద ఒక పెద్దాయన, ఆయన వెనక ఆయన కోడలు. వదిన అరుచుకుంటూ మెట్లెక్కుతుంటే వాళ్ళంతా మా వెనకే ఎక్కారు. “ఏం పోయింది?” “కత్తెరట.” “బంగారందా?” “ఏమో, ఏడుస్తున్నారుగా!” నిజంగానే నేను ఏడుస్తున్నాను. అది నటన కాదు.

మూడో అంతస్తులో తలుపు కొట్టాం. చాలాసేపటికి బెత్తెడు తెరుచుకుంది. మొగుడు. శుభ్రంగా దువ్విన తల, మెత్తటి గొంతు. వెనక గోడవారన రెండు పెట్టెలు కనిపించాయి.

“ఏంటమ్మా ఇది? పొరపాటు పడ్డారు. మా ఆవిడ అలాంటిది కాదు.”

“పోయింది అలాంటి ఇలాంటి కత్తెర కాదు” అంది మాస్టరమ్మ, గట్టిగా, అందరికీ వినపడేలా. “మా అమ్మ వాడింది. దాంతోనే నాకు పని నేర్పింది. పిల్ల పని మానేసిన రోజే కత్తెర మాయమైంది. ఇవాళ ఊరెళ్తున్నారట కూడా. ఏమనుకోమంటారు?”

“కొత్తది కొనిస్తానండి. ఎంతైనా సరే.”

“అంటే తీసినట్టేగా!” అంది తడి చేతులావిడ.

“కొనివ్వడమెందుకయ్యా, అమ్మాయిని పిలువు. అడిగితే తేలిపోతుంది” అన్నాడు బనీను పెద్దాయన. “నాలుగు రోజులుగా ఆ పిల్ల బయట కనపళ్ళేదు కూడా.”

“ఒంట్లో బాలేదు.”

“బాలేకపోతే ఊరెలా వెళ్తోంది?” ఈ మాట అన్నది వెనకున్న కోడలు. ఎవరూ అడగమని చెప్పకుండానే అడిగింది. అతను ఆమె వైపు చూసిన చూపు మెట్ల మీద ఉన్న ఆడవాళ్ళందరం చూశాం.

అతను తలుపు పూర్తిగా తీశాడు. “ఏయ్, రా. చెప్పు వీళ్ళకి.”

ఆ పిల్ల లోపలి గదిలోంచి వచ్చింది. పొడుగు చేతుల చొక్కా. మెడ దాకా గుండీలు. ఒక పక్క మొహం గోడ వైపు ఉండేలా నిలబడింది. మమ్మల్ని చూసింది. ఇంతమంది జనాన్ని చూసింది. 

ఇంతా చేసి మేము ఒకటి మర్చిపోయాం. ఆ పిల్లకి ఈ నాటకం సంగతి తెలీదు. కత్తెర తీయనిదాన్ని తీశావా అని అడిగితే ఏమంటుంది? లేదంటుంది. ఎవరైనా లేదనే అంటారు. అప్పుడు మొగుడు, విన్నారుగా అని తలుపు వేస్తాడు. బనీను పెద్దాయన, సరేనమ్మా వెళ్ళండి అంటాడు. సాయంత్రం ఆ రెండు పెట్టెలూ కిందికి దిగుతాయి. 

“చెప్పవే” అంది వదిన. గొంతులో అరుపు లేదిప్పుడు. “దొంగతనం గొడవమ్మా ఇది. వేరే గొడవ కాదు. మా కత్తెర నువ్వే తీశావా?”

ఆ పిల్ల వదిన మొహంలోకి చూసింది. కిందటి వారం తలెత్తి చూసినట్టే. తర్వాత నా వైపు చూసింది.

“అవును” అంది. “మనమే తీశాం.”

మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. “మనమేంటమ్మా, మమ్మల్ని కలపకు!” అన్నాడు సైకిళ్ళవాడు.

నేను గుమ్మం దాకా జరిగి చెయ్యి చాచాను. 

“ఇవ్వు మరి” అంది మాస్టరమ్మ.

“ఇక్కడ లేదు. కుట్టుగదిలోనే దాచాం. గుడ్డల తానుల వెనక. మీకు దొరకదు, వచ్చి చూపిస్తా.” ఎంత తెలివి! మాకెవరికీ తట్టని మాట. అంటూనే గుమ్మం దాటింది. కాళ్ళకి చెప్పుల్లేవు. చెప్పుల కోసం వెనక్కి తిరగలేదు.

“ఆగు, నేనూ వస్తా” అన్నాడు మొగుడు.

“తప్పకుండా రావాలి బాబూ!” కిందినుంచి ఇస్త్రీ బాబాయి గొంతు మోగింది. ఉండమన్నచోట ఉండకుండా సగం మెట్లెక్కేశాడు. “నీకూ తెలిసే దాచిందా, తెలీకుండా దాచిందా? స్టేషన్లో అడుగుతారుగా. మాస్టరమ్మ ఇందాకే ఫోన్ చేసింది.”

అందరి కళ్ళూ అతని మీదికి తిరిగాయి. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. అంతమందిలో ఏం చెయ్యాలో తెలియని మనిషని అప్పుడు అర్థమైంది. నలుగురి ముందు అతనికి చేతకాదు.

“ఎంతసేపట్లో వస్తావ్?” అన్నాడు, మెత్తగానే.

ఆ పిల్ల మెట్టు మీద ఒక్క క్షణం నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఎన్నాళ్ళుగానో వెళ్ళొస్తానను, వెళ్ళొస్తానను అని వేధించినదాన్ని. పళ్ళు బిగపట్టుకున్నాను. ఆ మాట అనకు తల్లీ, అనకు.

“వెళ్తున్నా” అంది.

మా అక్క మాటే. కానీ ఈసారి ఆ మాట అన్నావిడ చెయ్యి నా చేతిలోనే ఉంది.

కిందికి దిగుతుంటే తడి చేతులావిడ తన చెప్పులు విప్పి ఆ పిల్ల కాళ్ళ ముందుకి తోసింది. ఒక్క మాట కూడా అడగలేదు. కత్తెర గురించైతే అసలే అడగలేదు.

వీధిలోకి వచ్చాక కూడా వదిన తిట్లు ఆపలేదు. “నడువే దొంగా, నడు” అంటూనే ఉంది, కళ్ళు తుడుచుకుంటూ. మాస్టరమ్మ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. స్టేషన్లో ఒక ఆడ ఆఫీసరు కావాలంటోంది, పేరేంటని అడుగుతోంది, ఎన్ని గంటలదాకా ఉంటారని అడుగుతోంది. ఇస్త్రీ బాబాయి నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు.

“అక్కా, ఇంతకీ కత్తెర నిజంగానే పోయిందా?”

మాస్టరమ్మ నడుస్తూనే సంచి ఒకసారి ఊపింది. లోపల ఖణేల్మంది.

“మీతో జాగ్రత్తగా ఉండాలి నాయనా” అన్నాడు బాబాయి. ఆ వెంటనే, “రేపు ఏది చదువుతున్నావ్?” అని అడిగాడు.

మలుపు వచ్చింది. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఎన్నాళ్ళ అలవాటో. ఇక్కడ నేను ఆగాలి, ఆ పిల్ల వెళ్ళాలి, నేను చూస్తూ నిలబడాలి. చెయ్యి కూడా వదిలేశాను.

ఆ పిల్ల రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. కాళ్ళకి పెద్దవైన ఎవరివో చెప్పులు. మొహం మీద కమిలిన చోట ఎండ పడుతోంది, దాచుకోవాలని ఇక చూడటం లేదు.

“ఆగిపోయావేం పిన్నీ?” అంది. “మనం ఇంకా చాలా దూరం వెళ్ళాలి కదా.”